పోలీస్ ఈవెంట్స్‌కు పిల్లల్ని తయారుచేస్తున్న గ్రౌండ్ సార్లకు ఒక బహిరంగ లేఖ

గ్రౌండ్ సార్లందరికీ నమస్కారం.

జూనియర్ కాలేజీ మైదానాల్లో, బైపాస్ రోడ్ల పక్కన, చెరువు కట్టల మీద విజిల్ పట్టుకుని కానిస్టేబుల్, ఎస్సై, అగ్నివీర్ అభ్యర్థుల చేత రౌండ్లు కొట్టించే మీకే ఈ ఉత్తరం. మీలో రిటైరైన జవాన్లున్నారు, పీఈటీలున్నారు, డ్యూటీ అయ్యాక వచ్చి నేర్పే కానిస్టేబుళ్లున్నారు. ఫీజు తీసుకునేవాళ్లున్నారు, పైసా ముట్టనివాళ్లూ ఉన్నారు. ఒక పేదింటి పిల్లాడు యూనిఫాం వేసుకున్నాడంటే అందులో మీ చెమట కూడా ఉందని ఊళ్లో అందరికీ తెలుసు. నేను ఒక జిల్లా కేంద్రంలో, ఆసుపత్రి మెడికల్ వార్డులో పనిచేసే డాక్టర్ని. మీ దగ్గరికి వచ్చే పిల్లల్లో కొందరు వేసవిలో మా దగ్గరికి వస్తుంటారు. వాంతులు, విపరీతమైన ఒళ్లు నొప్పులు, రెండు రోజులుగా సరిగా రాని మూత్రం. రక్తపరీక్షలో, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగి ఉంటుంది. ఇరవై రెండేళ్ల కుర్రాడికి కిడ్నీ దెబ్బతిందంటే ఇంట్లోవాళ్లు నమ్మరు. షుగర్ లేదు, బీపీ లేదు, మందు అలవాటు లేదు, రోజూ పరిగెత్తే పిల్లాడు కదా అంటారు.

పరిగెత్తడం వల్ల కిడ్నీ పాడవుతుందని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. క్రమం తప్పని పరుగు కిడ్నీకి మంచిదే. ఎండలో, నీళ్లు లేకుండా, అలవాటు లేని ఒంటిని ఒక్కసారిగా తోలడం, పైగా నొప్పికి సూది వేయించడం, ఇవన్నీ ఒకే వారంలో కలిసొస్తే మాత్రం ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ కూడా తట్టుకోలేదు. ఈ కలయికను ఆపడం మందుల షాపువాడి చేతిలో లేదు, తల్లిదండ్రుల చేతిలో లేదు, నిజానికి నా చేతిలోనూ లేదు. గ్రౌండ్‌లో మాట చెల్లేది మీదే.

దూరాల లెక్క మీకు కొట్టిన పిండి. తెలంగాణలో 2022 నోటిఫికేషన్ ప్రకారం మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తిచేయాలి. ఆంధ్రలో మగవాళ్లకు 1600 మీటర్లకు 8 నిమిషాలు. ఈ దూరాలేమీ అంత భయంకరమైనవి కావు. ఈవెంట్స్ కూడా చలికాలంలోనే జరిగాయి కదా, తెలంగాణలో 2022 డిసెంబర్‌లో, ఆంధ్రలో కానిస్టేబుళ్లకు 2024 డిసెంబర్ ఆఖరు నుంచి, ఇంకేం బాధ అని మీరు అడగొచ్చు. ఆంధ్రలో నోటిఫికేషన్ వచ్చింది 2022 నవంబర్‌లో. ప్రిలిమ్స్ 2023 జనవరిలో. అక్కణ్నుంచి ఈవెంట్స్ దాకా రెండు వేసవులు గడిచిపోయాయి. వచ్చే నెలే ఈవెంట్స్ అని వినగానే గ్రౌండ్‌కి పరిగెత్తుకురావడం, వాయిదా అనగానే బూట్లు అటక మీద పడేయడం, మళ్లీ వాట్సాప్‌లో ఏదో చూసి టెన్షన్ పడి ఒక్క వారంలో పాత టైమింగ్ రాబట్టాలని చూడటం, పిల్లలు ఇలాగే నలిగారు. పరీక్ష రోజు కన్నా ఈ ఆగి ఆగి చేసే ప్రాక్టీసే ఒంటికి చేటు. పోలీస్ నియామక బోర్డులు తేదీలు ముందే చెప్పి వాటికి కట్టుబడితే సగం సమస్య తీరుతుంది. అది వాళ్లకు రాయాల్సిన వేరే ఉత్తరం.

లోపల జరిగేది కాస్త వివరంగా చెప్తాను. ఎందుకో తెలిస్తే తప్ప మీరు మాట వినరని నాకు తెలుసు, వినకూడదు కూడా.

ఊరికే కూర్చుని ఉన్నప్పుడు గుండె నిమిషానికి సుమారు ఐదు లీటర్ల రక్తాన్ని తోడుతుంది. అందులో ఐదో వంతు, అంటే లీటరు పైచిలుకు, పిడికిలంత ఉండే రెండు కిడ్నీలకే వెళ్తుంది. పరుగు మొదలవగానే ఒళ్లు ఈ వాటాలు మార్చేస్తుంది. కాళ్ల కండరాలకు రక్తం కావాలి. ఎండగా ఉంటే చర్మానికీ కావాలి, లోపల పుట్టిన వేడిని బయటికి మోసుకొచ్చేది రక్తమే కాబట్టి. కండరం ఖర్చుపెట్టే శక్తిలో పావు వంతు మాత్రమే కదలికగా మారుతుంది, మిగతా ముప్పావు వంతు వేడిగానే తేలుతుంది. అందుకే కండరాలకూ చర్మానికీ అంత రక్తం. వాటికి ఇవ్వడం కోసం కోత పడేది పేగులకీ కిడ్నీలకీ. గట్టిగా పరిగెత్తేటప్పుడు కిడ్నీకి చేరే రక్తం సగానికి, ఒక్కోసారి అంతకన్నా కిందికి పడిపోతుంది. ఎండలో గంటకు లీటరు నుంచి రెండు లీటర్ల దాకా చెమట పోతుంది గనక అసలు రక్తమే చిక్కబడి తగ్గుతుంది. కాలువలో నీళ్లు తగ్గినప్పుడు ఎగువవాళ్లు తోడుకోగా చివరి భూముల గతి ఏమవుతుందో, అప్పుడు కిడ్నీ గతి అదే.

చల్లటి వాతావరణంలో, బాగా తర్ఫీదు పొందినవాళ్లలో కూడా ఈ ఒత్తిడి కనిపిస్తుంది. 2015లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ మారథాన్‌లో పరిగెత్తిన 22 మందిని యేల్ యూనివర్సిటీలో చిరాగ్ పారిఖ్ బృందం పరీక్షించింది. పరుగు ముగిసిన వెంటనే తీసిన పరీక్షల్లో 82 శాతం మందికి తొలి దశ కిడ్నీ దెబ్బ లక్షణాలున్నాయి. రెండు రోజుల్లో మామూలైపోయారు. ఆ రెండు రోజుల విశ్రాంతి మన పిల్లలకు దొరకదు. పొద్దున పరిగెత్తి, సాయంత్రం పరిగెత్తి, తెల్లారి మళ్లీ వస్తారు. మానకముందే మళ్లీ మళ్లీ తగిలే దెబ్బే నా భయం.

ఊహించుకుని చెప్తున్న భయం కాదిది. మధ్య అమెరికాలో నికరాగ్వా, ఎల్ సాల్వడోర్ దేశాల్లో చెరకు నరికే కూలీలు ముప్పై, నలభై ఏళ్లకే కిడ్నీలు పోయి చనిపోతున్నారని ఈ శతాబ్దం మొదట్లో బయటపడింది. నికరాగ్వాలోని చిచిగాల్పా అనే ఊరి పేరు అలాగే ప్రపంచానికి తెలిసింది. వాళ్లకు షుగర్ లేదు, బీపీ లేదు. టన్నుల లెక్కన కూలి కాబట్టి నీడకు వెళ్లకుండా, నీళ్లకు ఆగకుండా మండుటెండలో నరుకుతూనే ఉండేవాళ్లు. ఇంకా ఏవేవో కారణాలు కలిసి ఉండొచ్చని పరిశోధకుల వాదనలు సాగుతూనే ఉన్నాయి. అయితే నీళ్లు, నీడ, కచ్చితమైన విరామం ఏర్పాటు చేసిన చోట్ల కోత కాలంలో కిడ్నీ దెబ్బలు తగ్గాయి. శ్రీకాకుళం జిల్లా గ్రౌండ్ సార్లకు ఈ మాట ఇంకాస్త గట్టిగా చెప్పాలి. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస, పలాస, అంటే ఉద్దానం పిల్లలు సైన్యం కోసం ఎంత పట్టుదలగా పరిగెత్తుతారో మీరు చూస్తూనే ఉన్నారు. అక్కడి కిడ్నీ జబ్బుకు మూలం ఇదీ అని ఇంకా తేలలేదు. ఎండ వల్లే అని నేను అనను. కానీ తండ్రో మేనమామో డయాలసిస్ మీద ఉన్న ఇంటి నుంచి పిల్లాడు వచ్చాడంటే, గ్రౌండ్‌లో దింపే ముందు ఒక్కసారి క్రియాటినిన్, మూత్రపరీక్ష చేయించుకు రమ్మనండి. పెద్ద ఖర్చేమీ కాదు.

ఇక నొప్పి సూదులు. ఈ ఉత్తరంలో మిగతావన్నీ మర్చిపోయినా ఇది గుర్తుంచుకోండి.

పిక్కలు పట్టేశాయనో, మోకాలి కింద ఎముక లాగుతోందనో పిల్లలు ఆర్‌ఎంపీ దగ్గరికి పోయి డైక్లోఫెనాక్ సూది వేయించుకుని వస్తారు. లేదా మెడికల్ షాపులో డైక్లో, ఐబుప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ మాత్రలు కొని, నొప్పి రాకముందే మింగి గ్రౌండ్‌లో దిగుతారు. ఈవెంట్స్ రోజు ముందుజాగ్రత్తగా సూది వేయించుకునేవాళ్లూ ఉన్నారని మీకు నాకన్నా బాగా తెలుసు. కిడ్నీకి రక్తం తగ్గినప్పుడు అది తనను తాను కాపాడుకోవడానికి ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలను తయారుచేసి, లోపలికి వచ్చే రక్తనాళాన్ని తెరిచి ఉంచుతుంది. ఈ నొప్పి మందులు పనిచేసేదే ప్రోస్టాగ్లాండిన్లను ఆపి. ఇంట్లో పడుకున్నవాడు రెండు మాత్రలు వేసుకుంటే మామూలుగా ఏమీ కాదు, వాడి కిడ్నీకి ఆ రక్షణతో అంత అవసరం లేదు కాబట్టి. ఎండలో చెమటలు కక్కుతూ పరిగెత్తేవాడికి మిగిలిన ఒక్క ఆసరా అదే. సరిగ్గా దాన్నే మందు తీసేస్తుంది.

దీని మీద గట్టి పరీక్షే జరిగింది. గోబీ, అటకామా లాంటి చోట్ల జరిగే బహుదిన ఎడారి పరుగుల్లో, 80 కిలోమీటర్ల దశ నాడు, 84 మంది రన్నర్లలో కొందరికి ఐబుప్రోఫెన్, కొందరికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఎవరు ఏది మింగారో వాళ్లకు తెలియదు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో మూడో వంతు మందికి కిడ్నీ దెబ్బ లక్షణాలు కనిపిస్తే, ఐబుప్రోఫెన్ వాళ్లలో అది సగం దాటింది. మన 1600 మీటర్లకూ వాళ్ల 80 కిలోమీటర్లకూ పోలిక లేదు నిజమే. కానీ రోజుకు రెండు పూటలు, నెలల తరబడి, మే నెలలో చేసే ప్రాక్టీసు అంతా కలిపి చూడండి. గ్రౌండ్‌కి వచ్చే ముందు నొప్పి మందు వేసుకున్నవాడు ఆ రోజు పరిగెత్తకూడదన్న ఒక్క రూలు మీరు పెడితే చాలు. నొప్పి అంత ఉంటే వాడికి కావాల్సింది విశ్రాంతి, ఐస్, బూట్లు మార్చడం. తప్పనిసరైతే పారాసిటమాల్, అదీ మోతాదులో. సూది వేయించుకుని వచ్చి టైమింగ్ మెరుగుపరుచుకున్నవాడిని మిగతావాళ్ల ముందు మెచ్చుకోకండి. మర్నాడు అందరూ ఆ ఆర్‌ఎంపీ ముందు వరసలో నిలబడతారు.

తర్వాత గుంజీలు.

ఆలస్యంగా వచ్చినవాడికి రెండు వందల గుంజీలు, ఫోన్ చూసినవాడికి గ్రౌండ్ చుట్టూ కప్పగంతులు. శిక్ష కాదు, ఫిట్‌నెస్ అంటారు. నిజానికి వైద్య పుస్తకాల్లో దీనికి ప్రత్యేకమైన చోటుంది. అలవాటు లేని కండరాన్ని, ముఖ్యంగా తొడలను, ఒకేసారి వందల సార్లు వంచి లేపితే కండర కణాలు పగిలిపోతాయి. దీన్ని రాబ్డోమయోలిసిస్ అంటారు. పగిలిన కండరం నుంచి మయోగ్లోబిన్ అనే ఎర్రటి ప్రోటీన్ రక్తంలోకి దిగి, కిడ్నీ గొట్టాల్లో పేరుకుని వాటిని మూసేస్తుంది. ఒంట్లో నీళ్లు తక్కువైన కొద్దీ ఇది వేగంగా జరుగుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ మీద బాంబులు పడినప్పుడు, కూలిన ఇళ్ల కింద కాళ్లు నలిగినవాళ్లు బయటికి తీశాక బాగానే ఉండి, తర్వాత కిడ్నీలు ఆగి చనిపోతుంటే 1941లో బైవాటర్స్, బీల్ అనే డాక్టర్లు దాన్ని రాసిపెట్టారు. నలిగిన కండరం కిడ్నీని చంపుతుందన్న సంగతి అలా వైద్యలోకానికి గట్టిగా తెలిసింది. నలగడానికి మీద గోడే కూలక్కర్లేదు, గుంజీలు చాలు.

దీని గుర్తులు ఆలస్యంగా బయటపడతాయి, అదే చిక్కు. గుంజీలు తీసిన రోజు కుర్రాడు నవ్వుతూనే ఇంటికి వెళ్తాడు. ఒకటి రెండు రోజులకు తొడలు రాయిలా బిగుస్తాయి, మెట్లు దిగలేడు, మూత్రం డికాషన్ రంగులోనో కోలా రంగులోనో వస్తుంది. అప్పుడు అతను మీ దగ్గరికి రాడు, వస్తే తిడతారని. గ్రౌండ్ మానేశాడని మీరనుకుంటారు. అందుకే ముందే పిల్లలందరికీ చెప్పి ఉంచండి. మూత్రం ముదురు పసుపైతే నీళ్లు చాలలేదని అర్థం. గోధుమ రంగు, నలుపు కలిసిన ఎరుపు అయితే ఆ పూటే ఆసుపత్రికి. ఒళ్లు నొప్పులు మామూలే అని మీరూ అనకండి, సిగ్గుపడి వాళ్లూ దాచుకోకూడదు. జ్వరం వచ్చి తగ్గినవాడిని, విరేచనాలు అయినవాడిని కనీసం కొన్ని రోజులు ఆపండి. సగం కోలుకున్న ఒంటితో పరిగెత్తినవాళ్లకు వడదెబ్బ, కండరాలు పగలడం రెండూ త్వరగా వస్తాయి.

నీళ్ల గురించి మన గ్రౌండ్లలో ఇంకా పాత నమ్మకాలే నడుస్తున్నాయి. పరుగు మధ్యలో నీళ్లు తాగితే పొట్ట పట్టేస్తుందని, దమ్ము పోతుందని, ఆర్మీలో నీళ్లివ్వరని. ఆర్మీ మాటకొస్తే, ఎండలో సైనికుడికి నీళ్లు మానిపిస్తే గట్టిపడతాడనే ఆలోచనను ప్రపంచంలోని సైన్యాలు ఎప్పుడో వదిలేశాయి. చెంబెడు నీళ్లు ఒక్క గుక్కలో తాగి 1600 పరిగెత్తితే పొట్ట పట్టేయడం నిజమే. రౌండ్ల మధ్య నాలుగైదు గుక్కలు తాగితే ఏమీ కాదు.

ఆడపిల్లల విషయం వేరే చెప్పాలి. వాళ్లు నీళ్లు తాగకపోవడానికి పొట్ట పట్టేయడం కారణం కాదు. గ్రౌండ్‌లో బాత్రూం ఉండదు. ఉన్నా తాళం వేసి ఉంటుంది. అందుకని ఇంట్లో బయల్దేరే ముందు నుంచే నీళ్లు మానేసి, బస్సులో వచ్చి, రెండు గంటలు పరిగెత్తి, మళ్లీ బస్సెక్కి ఇంటికి చేరేదాకా గొంతు తడుపుకోరు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్లు ఎక్కువ, ఎండదెబ్బా ఎక్కువ. ఏ కోచింగ్ మెటీరియల్లోనూ ఇది కనబడదు. కాలేజీ ప్రిన్సిపాల్‌తోనో మున్సిపాలిటీ వాళ్లతోనో మాట్లాడి ఒక్క తాళం తీయించండి. మగ సార్లకు అడగడం మొహమాటమైతే ఆ బ్యాచ్‌లో పెద్ద అమ్మాయిని లీడర్‌గా పెట్టండి.

ఎంత తాగాలంటే ఒక పాత బరువు తూచే మిషన్ గ్రౌండ్‌లో పెట్టుకోండి. ప్రాక్టీసుకు ముందు, తర్వాత తూచండి. కిలో తగ్గితే లీటరు చెమట పోయినట్టు. అరవై కిలోల పిల్లాడు కిలోంబావు కన్నా ఎక్కువ తగ్గితే చాలినంత తాగలేదని అర్థం. వచ్చినప్పటికన్నా బరువు పెరిగితే అతిగా తాగుతున్నాడు, అదీ ప్రమాదమే. ఉప్పు లేని నీళ్లు లీటర్ల కొద్దీ పోస్తే రక్తంలో సోడియం పడిపోయి మూర్ఛలొస్తాయి. మజ్జిగలో ఉప్పేసి తెచ్చుకోమనండి, ఓఆర్‌ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్లలో కలుపుకోమనండి. ప్యాకెట్ మీద ఎంత రాసి ఉంటే అన్ని నీళ్లే, గ్లాసులో కలపకూడదు. డబ్బా మీద ఓఆర్‌ఎస్ అని రాసుకుని చక్కెర నీళ్లు అమ్మేవాళ్ల మీద హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడకాన్ని కట్టడి చేసింది. ఆ గెలుపు ఫలితం మన గ్రౌండ్ల దాకా రావాలంటే మెడికల్ షాపులో అసలైన ప్యాకెట్ అడిగి తీసుకోవాలి.

పరుగు కాగానే పందెం గెలిచినవాడికి కూల్‌డ్రింక్ ఇప్పించే అలవాటు కూడా మానండి. 2019లో అమెరికాలోని బఫలో యూనివర్సిటీలో 12 మంది ఆరోగ్యవంతుల చేత వేడి గదిలో నాలుగు గంటలు పనిచేయించి, ఒకసారి నీళ్లు, ఇంకోసారి కూల్‌డ్రింక్ ఇచ్చి చూశారు. కూల్‌డ్రింక్ తాగినప్పుడే కిడ్నీ ఒత్తిడి గుర్తులు ఎక్కువగా కనిపించాయి. చిన్న పరీక్షే. అయినా నిమ్మకాయ నీళ్లు ఉండగా దాని కోసం డబ్బులెందుకు? ఎనర్జీ డ్రింకులు, ప్రీ వర్కౌట్ పొడులు, బరువు తగ్గుతారని తొడిగే ప్లాస్టిక్ జాకెట్ల గురించి నేను వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

వేళల విషయంలో మీకు ఉన్న ఇబ్బంది నాకు తెలుసు. చాలామంది పిల్లలు షాపుల్లో, డెలివరీల్లో పనిచేస్తూ, మధ్యాహ్నం లైబ్రరీలో చదువుతూ, ఖాళీ దొరికినప్పుడు పరిగెత్తుతారు. అయినా ఏప్రిల్, మే నెలల్లో ఎనిమిది దాటాక, సాయంత్రం ఐదున్నర లోపు పరుగు వద్దు. నడక, సాగదీసే వ్యాయామాలు, లాంగ్ జంప్ టెక్నిక్ నీడలో చేయించుకోవచ్చు. ఖమ్మం, రామగుండం ఎండ, మచిలీపట్నం ఎండ ఒకటి కావు. కోస్తాలో థర్మామీటర్ 36 చూపిస్తున్నా ఉక్కకు చెమట ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు, ఊరికే కారిపోతుంది. అమెరికా మెరీన్ల శిక్షణ శిబిరాల్లో కుర్రాళ్లు వడదెబ్బకు పడిపోతుంటే 1950లలో ఎండ, ఉక్క, గాలి మూడింటినీ కలిపి లెక్కించే కొలత ఒకటి తయారుచేశారు. దాన్ని బట్టి జెండా ఎగరేస్తారు. నల్ల జెండా ఎగిరిందంటే తప్పనిసరి కానిదేదీ మైదానంలో జరగదు. మీకు మిషన్ కొనమని చెప్పను. మీరు కూడా బట్టలు తడవకుండా నిలబడలేని ఉక్కలో టైమింగ్ తీయకండి, అంతే.

కొత్తగా చేరినవాళ్లకు పది నుంచి పద్నాలుగు రోజులు ఇవ్వాలి. ఆ రోజుల్లో ఒంట్లో రక్తపు నీటి భాగం పెరుగుతుంది, చెమట ముందే పట్టడం మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. నెల రోజులు గ్యాప్ ఇచ్చి వచ్చినవాడు మళ్లీ కొత్తవాడే. పాత టైమింగ్ గుర్తుచేసి రెచ్చగొట్టకండి.

ఏజెన్సీ ప్రాంతాల సార్లకు ఒక మాట. పాడేరు, అరకు, భద్రాచలం, ఉట్నూరు వైపు నుంచి వచ్చే పిల్లల్లో సికిల్ సెల్ అనే రక్త జబ్బు జన్యువు ఒకటి మోసేవాళ్లు ఉంటారు. వాళ్లకు జబ్బు ఉండదు, చాలామందికి ఆ సంగతే తెలియదు. వాళ్ల కిడ్నీ మూత్రాన్ని మిగతావాళ్లంత చిక్కగా చేయలేదు, అందుకే నీళ్లు త్వరగా కోల్పోతారు. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్‌లో నలభై ఏళ్ల లోపు వాళ్లకు ఉచితంగా పరీక్ష చేసి కార్డు ఇస్తున్నారు. ఆ కార్డు చూసి పిల్లాడిని పక్కన పెట్టేయమని కాదు, అలా చేస్తే అన్యాయం. అమెరికా సైన్యంలో దాదాపు 48 వేల మంది నల్లజాతి సైనికుల రికార్డులు చూసి 2016లో ప్రకటించిన అధ్యయనంలో, ఈ జన్యువు ఉన్నవాళ్లకు కండరాలు పగిలే ముప్పు సగం ఎక్కువగా ఉంది, మరణాలు మాత్రం ఎక్కువ లేవు. అప్పటికే అక్కడ ఎండ జాగ్రత్తలు అందరికీ ఒకేలా అమలవుతున్నాయి. మీ గ్రౌండ్‌లోనూ అలాగే, కార్డు ఉన్నా లేకున్నా అందరికీ నీళ్లు, అందరికీ విరామం ఉంటే ఎవరినీ వేరు చేయాల్సిన పని రాదు.

2024 ఆగస్టు, సెప్టెంబర్‌లలో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ ఎంపికలో ఏం జరిగిందో మీరు పేపర్లో చదివే ఉంటారు. మగవాళ్లు గంటలో పది కిలోమీటర్లు పరిగెత్తాల్సి వచ్చింది. పన్నెండు మంది దాకా అభ్యర్థులు చనిపోయారు. ఒక్కొక్కరి మరణానికి కారణం ఏమిటన్నది వేరే సంగతి. అక్కడి ప్రభుత్వం మూడు రోజులు పరుగు ఆపి, ఉదయం తొమ్మిది తర్వాత ఎట్టి పరిస్థితిలోనూ పరిగెత్తించకూడదని ఆదేశించింది. తొమ్మిది గంటల రూలు ముందే ఉంటే ఎంత బావుండేది అనుకోవడం తప్ప ఇప్పుడు చేసేదేం లేదు. మన దగ్గర ఆ రూలు పెట్టడానికి ఏ ప్రభుత్వ ఆదేశమూ అక్కర్లేదు, మీ విజిల్ చాలు.

ఇంత చేసినా ఎప్పుడో ఒకరు పడిపోతారు. పడినవాడు మాట తడబడుతున్నా, పిచ్చిగా మాట్లాడుతున్నా, తూలుతున్నా, స్పృహ లేకపోయినా అది వడదెబ్బే అనుకోండి. అంబులెన్స్‌కి ఫోన్ చేస్తూనే అక్కడికక్కడ చల్లబరచడం మొదలుపెట్టండి. ముందు చల్లబరచాలి, తర్వాతే తరలించాలి. అరగంటలోపు ఒంటి వేడి దిగితే చాలామంది బతుకుతారు, కిడ్నీ కూడా దక్కుతుంది. బూట్లు, బట్టలు విప్పి, ఒక టార్పాలిన్‌లో పడుకోబెట్టి నలుగురు అంచులు పైకెత్తి పట్టుకుని, బోరు నీళ్లు పోసి, పక్క కొట్టులో దొరికిన ఐస్ వేసి, నీళ్లు కదుపుతూ ఉండండి. తల, ముఖం పైకి ఉండాలి. స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పోయొద్దు. పారాసిటమాల్ ఈ వేడికి పనిచేయదు. డైక్లో సూది అసలే వద్దు.

క్యాజువాల్టీకి తెచ్చినప్పుడు మీలో ఒకరు తప్పకుండా వెంట రండి. స్నేహితులు భయపడి "కళ్లు తిరిగి పడ్డాడు" అని మాత్రమే చెప్తారు, మేము సెలైన్ పెట్టి రెండు గంటల్లో పంపేసే ప్రమాదం ఉంది. ఎంతసేపు పరిగెత్తాడో, ఏ వేళప్పుడో, నిన్న గుంజీలు తీశాడో లేదో, ఏ మాత్ర, ఏ సూది వేసుకున్నాడో, ఆఖరిసారి మూత్రం ఎప్పుడు పోశాడో, ఏ రంగులో ఉందో చెప్పండి. సీపీకే (కండరాలు పగిలితే రక్తంలో పెరిగేది), క్రియాటినిన్, పొటాషియం, మూత్రపరీక్ష చేస్తున్నారా అని డ్యూటీ డాక్టర్ని అడగండి. అడిగితే కోపగించుకుంటారేమో, ఫరవాలేదు. మొదటి రోజు సీపీకే మామూలుగా ఉన్నా నొప్పి ఎక్కువవుతుంటే మర్నాడు మళ్లీ చేయించండి, అది పూర్తిగా పెరగడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. డిశ్చార్జ్ అయినవాడిని క్రియాటినిన్ మామూలైందన్న కాగితం చూపించేదాకా ట్రాక్ మీదికి రానివ్వకండి, ఈవెంట్స్ వారంలోనే ఉన్నా సరే.

ఇట్లు,
మెడికల్ వార్డు డాక్టరు